రూపచిత్రములు - వర్ణసాధనములు

మనుష్యుని మొగమును నిలుపుటకు గోడ మేలా, కాగితము మేలా, తైలవర్ణము మేలా యని తర్కించుటకు ముందు లేపాక్షి చూడవలెను. అచ్యుతదేవరాయల కాలమున (1529-1542) వెలసిన వీరభద్రాలయపు కప్పుపై విరూపణ్ణ, వీరణ్ణ సోదరులను పరివారముతో చిత్రించిరి. సున్నపుపూతపై జేగురు, పసుపుమన్ను, మసి మున్నగునవే సాధనములు. వెలుగునీడల భేదము లేదు. నల్లని రేఖయే కంటికి, ముక్కునకు, ఎత్తైన కుళ్లాయికి రూపమిచ్చినది. అందు పోలికకంటె హోదాయే ముందు తెలియును. నాకు మాత్రము ఆ రేఖయే మిక్కిలి ప్రియము.

గోలకొండవారి కాగితపు చిత్రములు చేతబట్టి చూడదగినవి; గడ్డపు వెండ్రుకలు సైతము లెక్కింపవచ్చును.

రవివర్మ (1848-1906) చేపట్టిన తైలవర్ణము వేఱు. నూనె మెల్లగా నాఱును గావున, తడి యుండగనే రంగులో రంగు కలిపి చెక్కిలి నునుపును, పట్టుచీర మెఱపును చూపవచ్చును. పైపూత కాలక్రమమున పచ్చబడుట దాని లోపము. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు (1897-1925) నూనెరంగులను, నీటిరంగులను రెండింటిని సాధించి, ముప్పదియేండ్లు నిండకయే గతించెను. ఆయన చిత్రములు ఆ యూరి చిత్రశాలలో భద్రముగా నున్నవి.

పటమును చిత్రశాలకు చేర్పవచ్చును, గోడను చేర్పలేము. జీర్ణోద్ధారణ పేర సున్నము క్రింద మఱుగుపడిన చిత్రము లెన్నియో కలవు. పెద్దలారా, మీ యూరి గుడిమండపమునకు సున్నము కొట్టించుటకు ముందు నిచ్చెన వేయించి, లాంతరు పట్టి, కప్పును ఒక్కమాఱు పరికింపుడు.