నూనె బరువెత్తిన కథ

ప్రతి ఏడాదీ ఈ పుస్తకంలో పొదుపులు, అప్పులు, కట్టిన వాయిదాలు రాస్తుంటాం. ఈసారి మా సంఘం చిన్న ట్రాక్టర్ గురించి, దాన్లో ఉన్న హైడ్రాలిక్ ఎక్కడి నుంచి వచ్చిందో దాని గురించి రాస్తున్నాం. చరిత్ర అంటే రాజులదే అనుకుంటాం గానీ, మన నడుము నొప్పికీ ఒక చరిత్ర ఉంది.

మేము కొన్న ట్రాక్టర్‌కి వెనక నాగలి ఎత్తే లిఫ్టు ఉంది గానీ, ట్రాలీ ఎత్తే ఏర్పాటు లేదు. దిబ్బ ఎరువు ట్రాలీకి ఎక్కించేదీ మేమే, చేలో గంపలతో దించేదీ మేమే. సీటు మీద కూర్చునేది మాత్రం కిరాయి డ్రైవరు. "అది బలం పని, ఆడవాళ్ల వల్ల కాదు" అనేవారు. మరి గంపలు మోసేది బలం పని కాదా? ఆ లివర్ వెనక ఉన్న బలం అసలు ఎవరిదో తెలుసుకుందాం అనుకున్నాం.

ఆ బలం డ్రైవరుది కాదు, నూనెది. 1600ల్లో ఫ్రాన్స్‌లో బ్లెయిజ్ పాస్కల్ అనే ఆయన, మూసి ఉన్న నీళ్ల మీద ఒకచోట ఒత్తితే ఆ ఒత్తిడి అన్ని వైపులా ఒకేలా పోతుందని చెప్పాడు. చిన్న సిరంజి, పెద్ద సిరంజి నీళ్లతో నింపి సన్న పైపుతో కలపండి. చిన్నదాన్ని వేలితో నొక్కితే పెద్దది బరువును లేపుతుంది. పెద్దదాని వైశాల్యం పది రెట్లుంటే బలం పది రెట్లు, లేచే ఎత్తు మాత్రం పదో వంతు. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా ఈ సూత్రంతోనే హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంట్ తీసుకున్నాడు. లారీ కింద పెట్టే ఆయిల్ జాకీ పనిచేసేదీ ఇలాగే.

దీన్ని ట్రాక్టర్‌కి తెచ్చిన వాళ్లలో పెద్ద పేరు హ్యారీ ఫెర్గూసన్‌ది. 1884లో ఐర్లండులో రైతు ఇంట పుట్టాడు. అప్పట్లో నాగలిని ట్రాక్టర్ వెనక బండిలా కట్టి లాగించేవారు. నాగలి రాయికి తగిలితే ట్రాక్టర్ ముందు చక్రాలు పైకి లేచి, వెనక్కి తిరగబడి డ్రైవరు మీద పడేది. ప్రాణాలు పోయేవి. ఫెర్గూసన్ నాగలిని మూడు చోట్ల ట్రాక్టర్‌కే తగిలించి, నూనె బలంతో ఎత్తి దించేలా చేశాడు. 1936లో అలాంటి ట్రాక్టర్లు అమ్మకానికి వచ్చాయి. 1938లో ఆయన, హెన్రీ ఫోర్డ్ కాగితం లేకుండా చేతులు కలిపి ఒప్పందం చేసుకున్నారు. 1939లో అమెరికాలో కొత్త ట్రాక్టర్‌ని జనానికి చూపించినప్పుడు, ఎనిమిదేళ్ల పిల్లాడి చేత దున్నించారు! తర్వాత ఆ నోటి ఒప్పందం చెడి కోర్టుకెక్కింది. 1952లో ఫోర్డ్ కంపెనీ 92 లక్షల డాలర్లకు పైగా ఇచ్చి రాజీ పడింది. తీర్మానం పుస్తకంలో సంతకం ఎందుకు పెట్టాలని అడిగే అక్కలు ఇది గుర్తుంచుకోండి.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ మగవాళ్లు సైన్యానికి పోతే, ఉమెన్స్ ల్యాండ్ ఆర్మీలో చేరిన ఆడవాళ్లు పొలం పనులు చేశారు, ట్రాక్టర్లూ నడిపారు. మన దేశానికి వస్తే 1960లో మద్రాసులో టాఫే కంపెనీ మొదలై మాసే ఫెర్గూసన్ ట్రాక్టర్లు తయారుచేసింది. ఆ పేరులోని ఫెర్గూసన్ ఈయనే. ఇప్పుడు చాలా ట్రాక్టర్ల వెనక ఆ మూడు తగిలింపులే కనిపిస్తాయి.

ఇక మా కథ. ట్రాలీకి జాకీ పెట్టించి, ట్రాక్టర్‌కి అదనంగా ఒక వాల్వు బిగించాలని తీర్మానం చేశాం. ఒక షెడ్డులో బిగించి ఇచ్చారు. మొదటి రోజు ట్రాలీ బాగానే లేచింది. మర్నాడు లిఫ్టుతో నాగలి ఎత్తగానే కొత్త వాల్వు సీళ్లు పోయి నూనె కారింది. సంఘం డబ్బు నేల పాలైందని ఆ రాత్రి మాలో ఎవరికీ నిద్ర లేదు.

రెండోసారి షెడ్డుకు పోలేదు. మెకానిక్ పని తెలిసిన మా సభ్యురాలి తమ్ముణ్ణి పిలిచి, వాకిట్లో ముగ్గుపిండితో బొమ్మ గీయించాం. "తమ్ముడూ, నూనె ఎక్కడ బయలుదేరుతుంది, ఎక్కడికి చేరుతుంది?" అని అడిగాం. అప్పుడు తెలిసింది. పంపు నుంచి వచ్చే నూనె కొత్త వాల్వు దాటి లిఫ్టుకి పోవాలి. మామూలు వాల్వులో బయటికి పోయే దారి ఒత్తిడికి ఆగదు. లిఫ్టు బరువెత్తేటప్పుడు ఆ ఒత్తిడంతా వెనక్కి వచ్చి సీళ్లను తోసేసింది. కావాల్సింది మూడు దార్లు వేరుగా ఉన్న వాల్వు: పంపు నుంచి ఒకటి, లిఫ్టుకి ఒకటి, తిరిగి ట్యాంకుకి ఒకటి. అది తెప్పించి, ఆ వాకిట్లోనే బిగించాం. ఇప్పుడు ట్రాలీ, నాగలి రెండూ లేస్తున్నాయి.

పెట్టించుకునే సంఘాలకు మా మాటలు నాలుగు. లేచిన ట్రాలీ కిందికి గట్టి ఆసరా లేకుండా ఎవరూ పోకూడదు. కారుతున్న పైపును చేత్తో తడమకూడదు, ఒత్తిడిలో ఉన్న నూనె చర్మంలోకి దూరుతుంది, అట్టముక్కతో చూడండి. పైపు విప్పే ముందు ట్రాలీ దించి, ఇంజిన్ ఆపాలి. జాకీ కూడా నూనె తీసుకుంటుంది కాబట్టి, ట్రాలీ కింద ఉన్నప్పుడు నూనె మట్టం చూడాలి.

ఇప్పుడు లివర్ మా చేతిలో ఉంది. స్టీరింగ్ మాత్రం ఇంకా మాలో ఒక్కరికే వచ్చు, ఇద్దరు నేర్చుకుంటున్నారు. ఆ ముగ్గు బొమ్మను కాగితం మీద గీసి తీర్మానం పుస్తకంలో అతికించాం. చూడాలనుకున్న అక్కలు మా సంఘం సమావేశం రోజు రండి, సిరంజీలు కూడా చూపిస్తాం.