మందు ఎంత? గుండు ఎంత? : భర్మారు తుపాకి వెనుక ఒక లెక్క

బొగ్గుబాయి మీద బతికే మన సోదరులకు మందు సంగతి కొత్తగా చెప్పవలసిన పని లేదు. షాట్‌ఫైరర్ రంధ్రంలో మందు పెట్టి, దాని వెనుక బంకమట్టి గట్టిగా కూరి, అందరినీ దూరం జరిపి పేల్చుట ఈ గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో ఇంటింటికీ తెలిసిన ముచ్చటే. మందు తక్కువైతే బొగ్గు కదలదు. ఎక్కువైతే బొగ్గు పొడిపొడి అగును, పైకప్పు దెబ్బతినును. మట్టి సరిగ్గా కూరకపోతే మందు బలమంతా వచ్చిన దారినే ఎదురు తన్నును. ఈ మూడు మాటలు తెలిసినవాడికి నిండు తుపాకి శాస్త్రంలో సగం తెలిసినట్టే. మిగతా సగం మేము ఇక్కడ చెప్పదలచినాము. చివరకు అది 1857 దాకా పోవును గనుక పాఠక సోదరులు కొంచెం ఓపిక పట్టవలెను.

మన తెలంగాణలో నాటు తుపాకిని భర్మారు అంటారు. ఉర్దూలో ‘భర్’ అంటే నింపు, ‘మార్’ అంటే కొట్టు. గొట్టం మూతి నుండి మందు పోసి, గుండు వేసి, గజ్‌తో దట్టించి కొట్టేది గనుక భర్మార్. (గజ్ అంటే కొలత గజం మాత్రమే కాదు, తుపాకి దట్టించే కడ్డీ కూడా గజే. పిల్లలు ఉర్దూ పాఠంలో ఈ మాట వచ్చినప్పుడల్లా తికమక పడతారు.) వత్తితో అంటించేది తోడేదార్, చెకుముకి రాయితో పేలేది పత్తర్‌కలా, గుర్రం కింద రాగి టోపీ పెట్టి పేల్చేది టోపీదార్. 1946-51 సాయుధ పోరాట కాలంలో గ్రామ దళాల చేతుల్లో ఎక్కువగా ఉండినవి ఈ భర్మార్లే. తెలుగువాడు ఇంకా తెలివిగలవాడు. మందు, గుండు రెండింటినీ విడదీయకుండా ‘మందుగుండు’ అని ఒకే మాట చేసుకున్నాడు. ఈ రెండింటి జోడు కుదిరితేనే తుపాకి, లేకుంటే అది ఇనుప గొట్టమే.

మా తాతగారు మంథని వైపు అడవులలో తిరిగిన మనిషి. అప్పటికి 1972 వన్యప్రాణి చట్టం రాలేదు. ఆయన మా నాన్నగారికి చెప్పిన మాట మా దాకా వచ్చింది: “గుండును అరచేతిలో పెట్టు, అది మునిగేదాక మందు పొయ్యి, అంతే కొలత.” ఈ అరచేతి లెక్క ఒక్క మన దగ్గరే కాదు, అమెరికా అడవులలో తిరిగినవారికి కూడా ఉండినదట. వినుటకు బాగుంటుంది గాని అరచేతులన్నీ ఒకటి కావు, వంచి పట్టిన చెయ్యి, చాచిన చెయ్యి ఒకటి కావు. తాతగారు రెండవ మాట కూడా చెప్పేవారట, అది మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం: “గుండు మందుకు తగలాలె. మధ్యల సందు ఉంటే గొట్టం పగులుతది.” ఆయన స్నేహితుడు ఒకరు గుండును సగం దాకా దట్టించి, పంది కనబడిందని తొందరపడి కాల్చినాడు. గొట్టం చీలి ఎడమ చేతి రెండు వేళ్లు పోయినవి. తాతగారు ఆ తరువాత తన గజ్ మీద చాకుతో ఒక గీత పెట్టుకున్నారు. గుండు మందును చేరినప్పుడు ఆ గీత సరిగ్గా గొట్టం మూతి దగ్గరకు రావలెను, రాకుంటే కాల్చవద్దు.

ఇక తూకం. తుపాకి తూకమంతా గ్రెయిన్లలో ఉంటుంది. పౌనుకు 7,000 గ్రెయిన్లు. మన తులం, అనగా 1833లో కంపెనీ సర్కారు స్థిరపరచిన తులం, సరిగ్గా 180 గ్రెయిన్లు. తులానికి 12 మాషాలు, మాషాకు 8 రత్తీలు. రత్తీ అంటే మరేమీ కాదు, మన గురువింద గింజ. కాబట్టి కంసాలి తక్కెడ ఉన్నవాడు ఇంగ్లీషు లెక్కకు భయపడవలసిన పని లేదు.

గొరాల సిపాయి మోసిన పాత చెకుముకి మస్కెట్‌లో గుండు సుమారు 490 గ్రెయిన్లు, అంటే రెండు ముప్పాతిక తులాలకు కొంచెం తక్కువ. మందు 6 డ్రాములు, మన లెక్కలో దాదాపు 11 మాషాలు. గుండు బరువులో మూడో వంతు మందన్నమాట. ఇంత మందు ఎందుకు? గొట్టం వ్యాసం అంగుళంలో మూడు పాతికలు ఉంటే గుండు అంతకంటే చాలా సన్నం. వదులుగా ఉంటేనే గబగబ నింపవచ్చు. కాని ఆ సందులో నుండి మందు బలం చాలావరకు ఊరికే పోవును, గుండు గొట్టం గోడలకు తగులుతూ దొర్లుకుంటూ పోవును. మట్టి కూరని రంధ్రం మాదిరి. వంద గజాలు దాటితే అది ఎక్కడ తగులునో కాల్చినవాడికే తెలియదు.

మందు ఎక్కువ పోస్తే గుండు ఎక్కువ దూరం పోవునని మామూలు మనిషి అనుకుంటాడు. ఈ సంగతిని మొట్టమొదట కొలిచి చూసినవాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషు గణిత పండితుడు. బరువైన చెక్కను లోలకం వలె వేలాడదీసి, దానిపై గుండు కాల్చి, చెక్క ఎంత ఊగినదో కొలిచి, గుండు వేగం లెక్క కట్టినాడు. 1742లో పుస్తకం అచ్చు వేసినాడు, ఆయిలర్ అంతటివాడు 1745లో దానిని జర్మనులోకి తెచ్చినాడు. అంత వేగంలో గాలి ఎంతగా అడ్డుపడునో తెలిసింది అప్పుడే. మందు రెట్టింపు చేస్తే వేగం రెట్టింపు కాదు, ఎంత బాగా మండినా ఒకటిన్నర రెట్లు కూడా కాదు. ఇక గొట్టం పొడవుకు మించిన మందు లోపల కాలకుండానే మూతి నుండి బయట పడిపోవును. ఈ రాబిన్స్ కంపెనీ ఇంజనీరు జనరలుగా మన దేశమే వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెంట్ డేవిడ్ కోటలో చనిపోయినాడు. పదవ తరగతి లెక్కల పుస్తకంలో ఆయన పేరు లేకపోవడం మాకు ఎప్పుడూ లోటుగానే తోచును.

గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు కోసినదే రైఫిల్. గాడులలో ఇరుక్కున్న గుండు బొంగరం వలె తిరుగుతూ తిన్నగా పోవును. అయితే ఇరుకుగా పట్టే గుండును మూతి నుండి దింపుట ఎట్లా? పూర్వం గుండును గొట్టం కంటే కొంచెం సన్నంగా పోసి, కొవ్వు గాని నూనె గాని రాసిన గుడ్డపట్టీలో చుట్టి దింపేవారు. ఆ పట్టీ సందును మూసును, గాడులను పట్టుకొనును, లోపల పేరుకొన్న మందు మసిని మెత్తపరచును. కొవ్వు లేని పట్టీ అయితే నాలుగు దెబ్బలకే మసి పట్టి గుండు దిగదు. ఈ ‘కొవ్వు’ అన్న మాటను పాఠకులు గుర్తుంచుకోవలెను.

రైఫిలుకు మందు కుదుర్చుకొనే పద్ధతి బడిలో మేము పిల్లలకు చెప్పే ప్రయోగం వంటిదే. ఒకసారి ఒక్కటే మార్చవలెను. గుండు అదే, పట్టీ గుడ్డ అదే మందం, మందు అదే రకం గింజ, దట్టించే బలం కూడా అదే. మందు మాత్రం తక్కువలో మొదలుపెట్టి, బల్ల మీద తుపాకి ఆనించి కాగితానికి అయిదారు దెబ్బలు వేయాలె. దెబ్బ దెబ్బకూ మధ్య గొట్టం తుడవాలె. ఒక దెబ్బ నడిమిలో తగిలిందని సంబరపడవద్దు, అన్ని దెబ్బలూ ఎంత దగ్గరగా గుంపు కట్టినవన్నదే చూడవలెను. తరువాత మందు అయిదు గ్రెయిన్లు పెంచి మళ్లీ అదే పని. గుంపు క్రమంగా దగ్గరపడును, ఒక చోట దాటినాక మళ్లీ చెదరిపోవును. చెదరకముందు ఉన్నదే ఆ తుపాకి మందు. పక్కవాడి తుపాకికి అది పనికిరాకపోవచ్చు. నేల మీద పడిన పట్టీని కూడా ఏరి చూసేవారు. అది కాలి చిరిగి ఉంటే మందు ఎక్కువైంది లేదా గుడ్డ పలుచనైంది. (1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేనిదే ఇటువంటి తుపాకి ఇంట్లో ఉంచుట కూడా నేరమే. కుర్రవాళ్లు దీనిని చరిత్రగా చదవాలె.)

ఇంత ఓపిక వేటగాడికి ఉండును గాని యుద్ధంలో సిపాయికి ఎక్కడిది? గుడ్డ చుట్టే పని లేకుండా, వదులుగా దిగి, పేలినప్పుడు మాత్రం బిగుసుకొనే గుండు కావలసి వచ్చింది. దీని కథ మన దక్షిణాది నుండే మొదలైనది. 1823 ప్రాంతంలో 34వ రెజిమెంటు కెప్టెన్ జాన్ నార్టన్ ఇక్కడి అడవి మనుషులు ఊదుగొట్టంతో కొట్టే బాణాలను చూసినాడట. బాణం వెనుక తామర తూడు బెండు ఉండేది. ఊదగానే అది ఉబ్బి గొట్టాన్ని నిండుగా పట్టేది. దానిని చూసి ఆయన వెనుక వైపు గుల్లగా ఉండే కోల గుండు చేసినాడు. ఇంగ్లండు దొరలు పట్టించుకోలేదు. 1849లో ఫ్రెంచి కెప్టెన్ మినియే అటువంటి గుండునే చేస్తే అదే ఇంగ్లండు సర్కారు ఆయనకు 20,000 పౌన్లు ఇచ్చింది. ఊదుగొట్టం మనిషి పేరు మాత్రం ఎక్కడా రాయబడలేదు.

ఆ దారిలో వచ్చినదే 1853 నమూనా ఎన్‌ఫీల్డు రైఫిలు. గొట్టం వ్యాసం అంగుళంలో వెయ్యికి 577 పాళ్లు, గుండు 568 పాళ్లు. మధ్య సందు 9 పాళ్లే. గుండు 530 గ్రెయిన్లు, దాదాపు మూడు తులాలు. మందు రెండున్నర డ్రాములు, అనగా నాలుగున్నర మాషాలు. గుండు బరువులో ఎనిమిదో వంతు మందు! 39 అంగుళాల గొట్టంలో గుండు సరిగ్గా అర చుట్టు తిరిగి బయటపడును. 11 మాషాల మందు వంద గజాలకు తడబడిన చోట, నాలుగున్నర మాషాల మందుకు 900 గజాల దాకా గురిపలక గీతలు పెట్టినారు. సందు మూయబడినది, అంతే తేడా.

కాని ఆ 9 పాళ్ల సందులోనే ఫసాదంతా ఉన్నది. కాగితం గొట్టంలో మందు, గుండు కలిపి కార్ట్రిడ్జి చేసి, గుండు వైపు కాగితానికి కొవ్వు పూసినారు. డ్రిల్లు ప్రకారం సిపాయి దాని కొసను పళ్లతో కొరికి మందు పోయవలెను. ఏ జంతువు కొవ్వు అన్న విషయంలో సరైన జాగ్రత్త తీసుకోలేదు. 1857 జనవరిలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో మాట పుట్టింది: ఆవు కొవ్వు, పంది కొవ్వు అని. హిందూ సోదరులకూ మనకూ ఒకేసారి తగిలే మాట. మీరట్‌లో ఏప్రిల్ 24న 85 మంది సవారులు ముట్టుకోమన్న కార్ట్రిడ్జీలు నిజానికి పాత రకానివే. అప్పటికే నమ్మకం పోయింది గనుక పాతదా కొత్తదా అని చూసే దశ దాటింది. మే 10న తిరుగుబాటు లేచింది.

మన హైదరాబాదుకు ఆ సెగ వచ్చుటకు ఎక్కువ రోజులు పట్టలేదు. ఔరంగాబాదు రిసాలాలో తిరగబడి వచ్చిన జమాదార్ చీదా ఖాన్‌ను పట్టి రెసిడెన్సీకి అప్పగించినారు. ఆయనను విడిపించుటకు జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ సుమారు 500 మందితో రెసిడెన్సీ మీదికి పోయినారు. ఎదుట ఉన్న రెండు సాహుకార్ల ఇండ్లు ఎక్కి రాత్రంతా కాల్చినారు. తెల్లవారుజాముకు తోపుల ముందు నిలువలేకపోయినారు. తుర్రెబాజ్ ఖాన్ 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర కాల్చి చంపబడినాడు, మౌల్వీసాబ్ అండమాన్ పోయినారు. మన గోదావరి ఎగువన నిర్మల్‌లో రాంజీ గోండు, ఆయనతో కలిసిన రోహిల్లాలు 1860 దాకా పోరాడినారు. అదే గడ్డ ఒకప్పుడు నిజాం సైన్యానికి తోపులు పోసిన చోటు, కోనసముద్రం ఉక్కు కోసం ఇస్ఫహాన్ నుండి వర్తకులు వచ్చిన చోటు. ఇనుము మనది, పని మనది, తూకం లెక్క మాత్రం ఎదుటివాడిదైంది.

ఇటీవల ఎనిమిదవ తరగతిలో ఈ పాఠం వచ్చినప్పుడు మేము పిల్లలతో గురువింద గింజలు తెప్పించినాము. అవి విషం, నోట్లో పెట్టుకోవద్దని ముందే గట్టిగా హెచ్చరించినాము. ఎన్‌ఫీల్డు మందు తూకానికి 36 గింజలు ఒక వైపు, గుండు తూకానికి 283 గింజలు ఒక వైపు కుప్ప పోసి చూపినాము. వెనుక బెంచీలో షాట్‌ఫైరర్ కొడుకు ఒకడు లేచి అడిగినాడు: “సార్, కొవ్వు బదులు మైనం పూస్తే కాకపోవునా?”

పూయవచ్చు. 1857 తొలి నెలలలోనే సిపాయిలు నూనె, మైనం తామే రాసుకోవచ్చునని, కొరకకుండా చేతితో చింపవచ్చునని సర్కారు ఒప్పుకున్నది. 1859లో గుండును 568 నుండి 550 పాళ్లకు తగ్గించి, కొవ్వు తీసివేసి, తేనెమైనం పెట్టినారు. గుండు సులువుగా దిగింది, గురి తప్పలేదు. ఆ రెండు తారీకులు బోర్డు మీద రాసి, మధ్య కాలంలో ఎవరెవరు పోయినారో పేర్లు చెప్పమన్నాము. పిల్లలు తుర్రెబాజ్ ఖాన్ పేరుతో మొదలుపెట్టినారు. గంట కొట్టే వేళకు ఇంకా చెబుతూనే ఉన్నారు.