తెరచాప నిష్పత్తి

తెరచాప ఎత్తుకు, వెడల్పుకు గల సంబంధాన్ని తెరచాప నిష్పత్తి అంటారు. తెరచాప పడవ యొక్క వేగము, స్థిరత్వము, చుక్కానికి లొంగే తీరు ఈ నిష్పత్తిపైనా, తెరచాపను మోసే కొయ్య ఎత్తుపైనా చాలావరకు ఆధారపడి ఉంటాయి.

లెక్కించు విధానం

తెరచాప ఎత్తు యొక్క వర్గాన్ని వైశాల్యంతో భాగించాలి. ఉదాహరణకు 6 మీటర్ల ఎత్తు, 2 మీటర్ల అడుగు గల త్రిభుజాకారపు తెరచాప వైశాల్యం 6 చదరపు మీటర్లు, నిష్పత్తి 6. అంతే వైశాల్యం గల తెరచాపను 4 మీటర్ల ఎత్తు, 3 మీటర్ల అడుగుతో కుడితే నిష్పత్తి సుమారు 2.7 మాత్రమే.

ఎత్తు వలన లాభం

గాలికి ఎదురుగా ఏటవాలుగా పోవునప్పుడు తెరచాప విమానపు రెక్క వలె పనిచేస్తుంది. దాని రెండు వైపుల పీడనాలలో తేడా ఉండుటచే గాలి పై కొన మీదుగా జారి సుడులు తిరుగుతుంది. ఈ సుడులు పడవ వేగాన్ని తగ్గిస్తాయి. ఎత్తుగా, సన్నగా ఉన్న తెరచాపలో ఈ నష్టం తక్కువ. పైగా నీటి మట్టం నుండి పైకి పోయేకొద్దీ గాలి వేగం హెచ్చుతుంది. గాలి వెనుక నుండి వీచునప్పుడు మాత్రం నిష్పత్తి కన్నా వైశాల్యమే ముఖ్యం.

ఎత్తు వలన నష్టం

కొయ్య ఎత్తు పెరిగితే గాలి తోపుడు మరింత పైన పనిచేసి పడవను ఒరగదోస్తుంది. తెరచాప కొలతలన్నిటినీ 10 శాతం పెంచితే వైశాల్యం 21 శాతమే పెరుగుతుంది. కాని అదే గాలిలో తెరచాప అడుగు నుండి లెక్కించిన ఒరగదోసే భ్రామకం సుమారు 33 శాతం పెరుగుతుంది. చిన్న పడవలో దీనిని నావికుడు తన శరీర బరువుతోనే ఎదుర్కోవాలి. లేనిచో పడవ బోల్తాపడుతుంది.

లేజర్ పడవ

కెనడాకు చెందిన బ్రూస్ కిర్బీ రూపొందించిన లేజర్ దీనికి మంచి ఉదాహరణ. సుమారు 4.2 మీటర్ల పొడవు గల ఈ పడవను ఒక్కరే నడుపుతారు. పడవను మార్చకుండానే, నావికుని బరువును బట్టి మూడు రకాల తెరచాపలను దీనికి అమర్చవచ్చును:

* స్టాండర్డ్ - 7.06 చదరపు మీటర్లు
* రేడియల్ - సుమారు 5.8 చదరపు మీటర్లు
* 4.7 - పేరులోనే ఉన్నట్లు 4.7 చదరపు మీటర్లు

కొయ్య పై భాగం మూడింటికీ ఒకటే; క్రింది భాగం మాత్రమే మారుతుంది. తెరచాప చిన్నదైనప్పుడు గాలి తోపుడు కేంద్రం ముందుకు జరిగి చుక్కాని సమతూకం చెడుతుంది. అందువలన 4.7 రకపు కొయ్య క్రింది భాగాన్ని వెనుకకు వంచి తయారుచేస్తారు.

లేజర్ 1996లో ఒలింపిక్ క్రీడలలో ప్రవేశించింది. 2008 నుండి మహిళలకు రేడియల్ పోటీ జరుగుతున్నది. చెన్నైకి చెందిన నేత్రా కుమనన్ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో రేడియల్ నడిపింది. తెరచాప పోటీలలో ఒలింపిక్స్‌కు అర్హత సాధించిన తొలి భారతీయ మహిళ ఈమె. హైదరాబాదులోని హుసేన్ సాగర్‌లో కూడా లేజర్ పోటీలు పలుమార్లు జరిగాయి.