చెవి కోరిన రాతిగోడ

సముద్రం మీంచి హెల్సింకి వచ్చేవాళ్లకు ఊరికన్నా ముందు రెండు చర్చిలు ఎదురొస్తాయి. ఒకటి సెనేట్ స్క్వేర్‌లో పెద్ద మెట్ల వరుస పైన తెల్లగా మెరిసే కెథెడ్రల్. రెండోది దానికి తూర్పున, రేవు పక్కన గుట్ట మీద ఎర్ర ఇటుకలతో, బంగారు మొనలతో నిలబడ్డ ఉస్పెన్‌స్కీ. ఈ నగరంలో లోకమంతా వెతుక్కుంటూ వెళ్లే మూడో చర్చి ఇంకొకటుంది. అది మాత్రం ఎంత దూరం నుంచి చూసినా కనిపించదు. దాని వీధిలోకి వెళ్లి నిలబడ్డా ముందు కనిపించేది ఒక రాతిగుట్ట, అడుగున ఒక వాకిలి, అంతే. తెంపెలిఔకియో చర్చి. రాతిని తొలిచి లోపల కట్టిన చర్చి అని అందరూ చెబుతారు. అందులో మనుషుల్ని కట్టిపడేసే పచ్చి రాతిగోడలు పోటీలో గెలిచిన నమూనాలో లేనే లేవన్న సంగతి చెప్పేవాళ్లు తక్కువ. అవి ఎలా వచ్చాయన్నదే ఈ కథ.

నిజానికి హెల్సింకి చర్చిల్లో పేరున్నవన్నీ మొదట గీసిన గీతకు కట్టుబడి పుట్టినవి కావు. రష్యా చక్రవర్తి మొదటి అలెగ్జాండర్ 1812లో ఫిన్లండ్ రాజధానిని తుర్కు నుంచి ఇక్కడికి మార్చాడు. అప్పటికిది చిన్న రేవు పట్నం. కొత్త రాజధానికి తగ్గ రూపం ఇచ్చే పని బెర్లిన్‌లో పుట్టిన కార్ల్ లుడ్విగ్ ఎంగెల్ చేతికొచ్చింది. కెథెడ్రల్ పని 1830లో మొదలైంది. 1840లో ఎంగెల్ చనిపోయాడు. పని అందుకున్న ఎర్న్‌స్ట్ లోర్మన్ మధ్య గుమ్మటం చుట్టూ నాలుగు చిన్న గుమ్మటాలు చేర్చాడు, కప్పు అంచున పన్నెండుమంది అపొస్తలుల విగ్రహాలు నిలిపాడు, ఇరుపక్కలా రెండు మంటపాలు కట్టాడు. ముందు భాగంలో ఎంగెల్ కట్టించిన కాపలా భవనాన్ని తీయించి మెట్లు పరిపించాడు. చర్చి 1852లో పూర్తయింది. ఇవాళ జనం కూర్చుని ఎండ కాచుకునే ఆ మెట్లు ఎంగెల్ మొదటి ప్లానులో లేవు. అవి లేని సెనేట్ స్క్వేర్‌ను ఊహించడం నావల్ల కాదు.

ఉస్పెన్‌స్కీది మరో దారి. క్రిమియా యుద్ధంలో, 1854లో బ్రిటిష్, ఫ్రెంచి నౌకాదళాలు ఓలాండ్ దీవుల్లోని బొమర్సుండ్ కోటను నేలమట్టం చేశాయి. ఆ శిథిలాల నుంచి సుమారు 7 లక్షల ఇటుకల్ని పడవల మీద తెచ్చి ఈ ఆర్థడాక్స్ కెథెడ్రల్ కట్టారు. నమూనా గీసిన అలెక్సేయ్ గోర్నొస్తాయెవ్ అది లేవకముందే, 1862లో కన్నుమూశాడు. 1868లో ప్రతిష్ఠ జరిగింది. ఫిరంగుల కోసం కాల్చిన ఇటుక ప్రార్థన వినేందుకు నిలబడింది.

ఇక తెంపెలిఔకియో ఉన్న టోలో సంగతి. నగర కేంద్రానికి వాయవ్యంగా ఉన్న ఈ పేటలో, అంతస్తుల ఇళ్ల మధ్య, ఒక గ్రానైట్ గుట్ట అలాగే మిగిలిపోయింది. హెల్సింకి మొత్తం ఇలాంటి రాతి మీదే ఉంది. మంచుయుగపు హిమానీనదాలు మట్టిని గీకేసి, బండను నున్నగా రుద్ది వెళ్లిపోయాయి. ఈ గుట్ట మీద చర్చి కట్టాలని 1930ల్లోనే అనుకున్నారు. ఆర్కిటెక్టులకు పోటీ పెట్టారు. మొదటి పోటీ ఫలించలేదు. రెండోదాంట్లో యోహాన్ సిగ్ఫ్రిడ్ సిరెన్ గెలిచాడు. దగ్గర్లోనే ఉన్న పార్లమెంటు భవనం ఆయనదే. పని ఇంకా తొలి దశలో ఉండగానే 1939 నవంబరు 30న సోవియట్ సైన్యం ఫిన్లండ్ మీదికి వచ్చింది. చర్చి ఆగిపోయింది. యుద్ధాలు ముగిశాక దేశంలో నిలువ నీడ కావలసిన కుటుంబాలే వేలల్లో ఉన్నాయి. గుట్ట గుట్టలాగే ఉండిపోయింది.

ఆ మధ్యకాలంలో ఆర్కిటెక్టుల ఆలోచన మారింది. ఊరికి ఎత్తుగా గోపురం నిలబెట్టి అధికారాన్ని చాటే చర్చి పట్ల మోజు తగ్గింది. మళ్లీ పోటీ పెట్టినప్పుడు, 1961లో, తిమో సువోమలైనెన్, తువోమో సువోమలైనెన్ అనే అన్నదమ్ములు గెలిచారు. ఇద్దరూ ముప్పై ఏళ్ల అటూ ఇటూ వయసువాళ్లు. ఫిన్లండ్ సింధుశాఖలోని సూర్సారి అనే రాతి దీవిలో పుట్టారు. యుద్ధం తర్వాత ఆ దీవి సోవియట్ యూనియన్‌కు పోయింది. రాయిని అడ్డంకిగా కాక ఇంటి నేలగా చూసిన బాల్యం వాళ్లకు ఉపయోగపడిందని నేను నమ్ముతాను.

వాళ్లు అడిగిన ప్రశ్న చాలా సూటి: ఈ పేటకు మిగిలిన ఒక్క ఖాళీ జాగా, ఈ గుట్ట. దాని నెత్తిన ఇంకో భవనం ఎందుకు మోపాలి? చర్చిని గుట్ట లోపలికి దింపి, పైన బండను అలాగే ఉంచేస్తే? పిల్లలు ఎక్కి ఆడుకుంటారు, చుట్టూ ఇళ్లవాళ్ల కిటికీలకు ఆకాశం మిగులుతుంది. బయటికి కనపడేది పరచినట్టుండే ఒక రాగి గుమ్మటం మాత్రమే. వాకిలి వీధి మట్టానికే ఉంటుంది. మెట్లెక్కే పని లేదు.

అయితే రాతిని తొలిచాక లోపలి గోడల్ని ఏం చెయ్యాలి? ముతగ్గా, గరుకుగా పగిలిన గ్రానైట్‌ను అలాగే వదిలేద్దామన్న ఆలోచన అన్నదమ్ములకు మొదట్లోనే వచ్చింది. కానీ పోటీ న్యాయనిర్ణేతలకు అది మరీ విపరీతంగా తోస్తుందేమోనని వెనక్కి తగ్గి, సమర్పించిన నమూనాలో దాన్ని పెట్టలేదు. గెలిచిన బొమ్మ అందమైనదే, కానీ ఒక మెట్టు జంకినది.

గెలిచిన వెంటనే పని మొదలుకాలేదు. డబ్బు లేదు. ఏళ్లు గడిచాయి. ఖర్చు తగ్గించమన్నారు. లోపలి వైశాల్యం అసలు ప్లానులో సుమారు నాలుగో వంతు కోసేశారు. చివరికి 1968 ఫిబ్రవరిలో బండలో మందుగుండు పేల్చడం మొదలైంది, చుట్టూ జనం కాపురముంటున్న ఇళ్ల మధ్యనే.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. దానికి కారకులు ఆర్కిటెక్టులు కారు, శబ్దం తెలిసినవాళ్లు. ఫిన్లండ్ జనంలో ఎక్కువమందిది లూథరన్ సంఘం. మన గుంటూరు, రాజమండ్రి ప్రాంతాల్లో ఉన్నది కూడా ఆ సంప్రదాయమే, విదేశీ మిషనరీల ద్వారా వచ్చింది. ఆ ఆరాధనకు వెళ్లినవాళ్లకు తెలుసు, అక్కడ చూసేదానికన్నా వినేది ఎక్కువ. వాక్యం వినాలి, పాట అందరూ కలిసి పాడాలి. ప్రసంగం చివరి బెంచీ దాకా తెలియాలి, పాట మాత్రం కాస్త గాలిలో నిలవాలి. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి అడ్డం. ప్రతిధ్వని ఎక్కువైతే మాట అలుక్కుపోతుంది, తక్కువైతే పాట చచ్చిపోతుంది. అందులోనూ దాదాపు గుండ్రటి హాలు, పైన గుమ్మటం. నున్నటి వంపు గోడ శబ్దాన్ని కొన్నిచోట్ల కుప్పపోస్తుంది, కొన్నిచోట్లకు అందనివ్వదు, ఒక్కోసారి గోడ వెంటే పాకించి ఎక్కడో అవతల వినిపిస్తుంది.

ఈ చిక్కు విప్పడానికి ఇద్దరు కలిశారు. ఒకరు ఫిన్నిష్ రేడియో సింఫనీ ఆర్కెస్ట్రాను నడిపిస్తున్న కండక్టర్ పావో బెర్గ్‌లుండ్. పేరున్న సంగీత మందిరాల్లో శబ్దం ఎలా పలుకుతుందో అనుభవం మీద తెలిసిన మనిషి, తనకు తెలిసింది చెప్పాడు. రెండో ఆయన అకౌస్టిక్ ఇంజనీరు మౌరి పార్యో. గోడల ఉపరితలం ఎలా ఉంటే శబ్దం సరిగా చెదిరి అందరికీ సమంగా అందుతుందో ఆయన షరతులు పెట్టాడు. ఆ షరతుల్ని ముందు పెట్టుకుని చూస్తే అన్నదమ్ములకు తేలింది ఒకటే. తాము జంకి పక్కనపెట్టిన గరుకు రాతిగోడ ఆ షరతులకు సరిగ్గా సరిపోతుంది. ఎత్తుపల్లాలతో, పగుళ్లతో, అంచులతో ఉన్న గ్రానైట్ తనకు తగిలిన శబ్దాన్ని ఒకవైపే తిప్పికొట్టదు, నలుదిక్కులకూ పంచుతుంది. దాని మీద ఇంకేమీ కప్పనక్కర్లేదు.

కన్ను కోరినప్పుడు విపరీతమనిపించింది, చెవి కోరేసరికి అవసరమైంది. ఆర్కిటెక్టుల గొప్పతనం వాళ్లు ఊహించినదానిలో ఎంత ఉందో, ఇతరుల విద్యను నమ్మి తమ పాత ధైర్యాన్ని తిరిగి తెచ్చుకోవడంలో అంతకంటే ఎక్కువ ఉందని నా అభిప్రాయం. సంగీతం తెలిసినవాడిని గోడలు కట్టకముందే పిలిచి కూర్చోబెట్టుకున్నారు. ఎన్ని ఆడిటోరియంలలో ఈ పని జరుగుతుంది? కట్టేశాక మైకులు బిగించి సర్దుకోవడమే మనకు ఎక్కువగా తెలుసు.

అలా మిగిలిన గోడలు ఒకచోట ఎత్తుగా, ఒకచోట తక్కువగా లేస్తాయి. రాయి తొలిచిన యంత్రాల గాడులు ఇంకా కనిపిస్తాయి. తొలిచిన రాతిలో కొంత తిరిగి గోడలకే పనికొచ్చింది. సహజమైన బండ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి ఆ రాళ్లనే పేర్చుకుంటూ పోయారు. పగుళ్లలోంచి నీరు ఊరుతుంది. దాన్ని ఆపాలని చూడలేదు, బయటికి పోయే దారి పెట్టారు. బలిపీఠం వెనక చిత్రపటమో శిల్పమో ఉండవలసిన చోట మంచుయుగంలో ఏర్పడ్డ ఒక రాతి చీలికే ఉంది. దాన్ని ఎవరూ చెక్కలేదు, ఉన్నచోట ఉండనిచ్చారు.

గుమ్మటం వ్యాసం 24 మీటర్లు, నేల నుంచి దాని నడిబొడ్డుకు 13 మీటర్లు. లోపలివైపు రాగి పట్టీని చుట్టలు చుట్టలుగా పరిచారు. ఆ పట్టీ పొడవు మొత్తం 22 కిలోమీటర్లని చెబుతారు. గుమ్మటం అచ్చమైన వృత్తం, రాతిగోడ అంచు మాత్రం రాయి ఎటు పోతే అటు. ఈ రెండూ కలిసేదెలా? మధ్యలో చుట్టూ కాంక్రీటు దూలాలు వేసి, వాటి సందుల్లో 180 గాజు పలకలు బిగించారు. దూలాలు ఒకచోట పొడుగు, ఒకచోట పొట్టి. ఒక క్రమం, ఒక అక్రమం కలిసే ఆ ఎడంలోంచే వెలుతురంతా దిగుతుంది. పొద్దు కదిలేకొద్దీ గోడ మీద నీడల చారలు కదులుతాయి. గుట్టలోకి దింపిన చర్చి చీకటి గుహ కాకపోవడానికి ఈ కిటికీల వలయమే కారణం. దాని లెక్క వేసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి.

పని జరుగుతుండగానే ఒక రోజు తొలిచిన రాతిగోడల మీద పెద్ద అక్షరాలతో ఒక మాట కనిపించింది: బియాఫ్రా. నైజీరియా అంతర్యుద్ధంలో బియాఫ్రా పిల్లలు ఆకలితో చనిపోతున్న ఫొటోలు అప్పుడు ప్రపంచమంతా చూస్తోంది. రాసినవాళ్లు నాస్తికులు కారు, క్రైస్తవ విద్యార్థుల బృందం. అక్కడ అన్నం లేక చస్తుంటే ఇక్కడ చర్చికి ఇంత డబ్బా అన్నది వాళ్ల ప్రశ్న. ఈ చర్చిని ఎంత ప్రేమించినా ఆ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. దేవుడి పేరుతో ఖర్చుపెట్టే ఏ ఊరివాళ్లైనా ఎప్పుడో ఒకప్పుడు దానికి ఎదురు నిలబడాల్సిందే. ఆ విద్యార్థులు దాన్ని తిన్నగా రాతి మీదే రాశారు.

1969 సెప్టెంబరులో చర్చిని ప్రతిష్ఠించారు. గంట గోపురం లేదు, గంటలూ లేవు. తనెలి కూసిస్తో అనే సంగీతకారుడు స్వరపరిచిన గంటల నాదం రికార్డు చేసి, బయటి గోడలో పెట్టిన స్పీకర్ల ద్వారా వినిపిస్తారు. ఇలా గంటలకు పాట కట్టించడం ఈ ఊళ్లో అంతకుముందే ఉంది. 1912లో లార్స్ సోంక్ కట్టిన కల్లియో చర్చి గంటలకు బాణీ ఇచ్చింది సాక్షాత్తూ ఫిన్లండ్ స్వరకర్త సిబేలియుస్. వెయిక్కో విర్తానెన్ తయారుచేసిన ఆర్గన్‌లో 3001 గొట్టాలు. రాతి గోడకు ఆనుకుని నిలబడ్డ ఆ గొట్టాల్లోంచి స్వరం లేచినప్పుడు బెర్గ్‌లుండ్, పార్యో పడ్డ శ్రమ ఏమిటో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఆదివారం ఆరాధనలతో పాటు కచేరీలకూ ఈ హాలు పేరు పొందింది. ఏటా లక్షల్లో సందర్శకులు వస్తారు.

ఇక్కణ్ణుంచి నగర కేంద్రం వైపు కాసేపు నడిస్తే, రద్దీ బజారు పక్కనే నరింక్క చౌరస్తాలో కాంపి ప్రార్థనాలయం ఉంది. 2012లో, హెల్సింకి ప్రపంచ డిజైన్ రాజధానిగా ఉన్న ఏడాది, కె2ఎస్ సంస్థ ఆర్కిటెక్టులు కట్టారు. సుమారు 11 మీటర్ల ఎత్తున, గిన్నెలా వంగిన చెక్క గోడ. బయట స్ప్రూస్, లోపల ఆల్డర్ కలప. పక్కలకు కిటికీలు లేవు, వెలుతురు కప్పు అంచు నుంచి జారుతుంది. తెంపెలిఔకియోలో గోడ శబ్దాన్ని పంచితే, ఇక్కడ గోడ పని శబ్దాన్ని బయటే ఆపడం. పెళ్లిళ్లు, బాప్తిస్మాలు ఇక్కడ చెయ్యరు. చర్చి సంఘాలూ, నగర సంక్షేమ శాఖా కలిసి దీన్ని తెరిచాయి. మౌనంగా కూర్చునేవాళ్లు కూర్చుంటారు, కష్టం చెప్పుకోవాలంటే వినడానికి మనుషుల్ని పెట్టారు. గుట్ట మీద విద్యార్థులు రాసిన ప్రశ్నకు ఇది జవాబని ఎవరూ అనలేదు. నేను మాత్రం ఆ రెండింటినీ ఒకే చరిత్రలో భాగంగా చదువుకుంటాను.

హెల్సింకి వెళ్లేవాళ్లకు ఒక సలహా. సెనేట్ స్క్వేర్ మెట్ల దగ్గర మొదలుపెట్టి, కాంపిలో కాసేపు కూర్చుని, టోలో దాకా నడవండి. ఆ సాయంత్రం తెంపెలిఔకియోలో కచేరీ ఉంటే టికెట్ కొనండి. ముందు వరుసల కోసం పోటీ పడకండి, గోడకు దగ్గరగా చివరి బెంచీలో కూర్చోండి. పార్యో పెట్టిన షరతులు నెరవేరాయో లేదో అక్కడే తేలుతుంది.