ఇచ్చిన చెయ్యి ఎవరిది?

మా ఇంట్లో అందరూ చెప్పే కథ ఒకటుంది. "అక్క ఇచ్చింది, చెల్లెలు పెంచుకుంది" అని నాలుగు ముక్కల్లో తేల్చేస్తారు. అక్క మా అమ్మమ్మ. చెల్లెలు జంగారెడ్డిగూడెంలో కాపురమున్న చిన్నమ్మమ్మ. ఇచ్చింది అమ్మమ్మ రెండో కొడుకుని. ఆ చిన్నమామయ్య అప్పట్నుంచీ కన్నతల్లిని "పెద్దమ్మా" అనే పిలిచాడు.

చిన్నమ్మమ్మ పోయాక ఆమె పెట్టెలో 1961 నాటి దత్తత దస్తావేజు దొరికింది. చదివితే అది వేరే కథలా ఉంది. ఇచ్చినవారు తాతయ్య. పుచ్చుకున్నవారు చిన్నతాతయ్య. మా ఇంటి కథలో ఉన్న ఆడవాళ్ళిద్దరూ కాగితం చివర, "సమ్మతి" అన్న మాట కింద, రెండు వేలిముద్రలుగా మిగిలారు. కన్నదీ పెంచిందీ వాళ్ళయితే, ఇచ్చిపుచ్చుకున్నది మగవాళ్ళెలా అయ్యారు?

ఇది మా కుటుంబంలో జరిగిన పొరపాటు కాదు. చట్టమే అలా రాయించింది. దాని వెనక చాలా పాత చరిత్ర ఉంది.

ధర్మశాస్త్రాల దృష్టిలో దత్తత పిల్లలు లేని లోటు తీర్చుకోవడానికి కాదు. పిండం పెట్టడానికీ, వంశం నిలపడానికీ మగవాడికి కొడుకు కావాలి. అందుకే దత్తపుత్రుడే తప్ప దత్తపుత్రిక దాదాపు లేదు. నందపండితుడి 'దత్తక మీమాంస'ను ఆధారం చేసుకుని వలస పాలన నాటి కోర్టులు ఒక నియమాన్ని స్థిరపరిచాయి. దత్తత తీసుకునే మగవాడు ఆ పిల్లవాడి తల్లిని పెళ్ళాడదగినవాడై ఉండాలట! ఈ లెక్కన కూతురి కొడుకూ, అక్కచెల్లెళ్ళ కొడుకూ పనికిరారు. ద్విజుల విషయంలో ఈ నిషేధాన్ని ప్రీవీ కౌన్సిల్ 1899లో ఖాయం చేసింది. శూద్రులకు ఈ పట్టింపు లేదు. దక్షిణాది బ్రాహ్మణుల్లో మేనల్లుణ్ణి దత్తు తీసుకునే ఆచారం ఉందని 1880లలోనే మద్రాసు హైకోర్టు ఒప్పుకుంది. అయినా నియమం స్వభావం చూడండి. బిడ్డ పెంచబోయే తల్లికి ఏమవుతాడన్నది ఎవరూ అడగరు. బిడ్డను కన్నతల్లి ఆ మగవాడికి ఏమయ్యుండవచ్చన్నదే ప్రశ్న.

భర్త పోయిన స్త్రీకి మాత్రం కొంత చోటు దొరికింది. అదీ భర్త కోసమే. మిథిలలో వితంతువుకి దత్తత హక్కే లేదు. బెంగాలులో భర్త బతికుండగా అనుమతి ఇచ్చి ఉండాలి. మన మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ అనుమతి లేకపోయినా భర్త తరఫు సపిండుల అంగీకారం ఉంటే చాలునని రామనాథపురం సంస్థానం కేసులో 1868లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. భర్త మాట లేకపోతే బావగార్లూ మరుదులూ మాట ఇవ్వాలన్నమాట.

ఈ చరిత్రలో తమ పేరు మీద తామే, అదీ ఆడపిల్లను, దత్తత తీసుకున్న స్త్రీలు ఒకరున్నారు. గౌరవనీయ కుటుంబాలు పేరెత్తడానికి ఇష్టపడని కళావంతులు. వాళ్ళ ఆచారాన్ని గుర్తిస్తూ మద్రాసు హైకోర్టు 1888లో తీర్పిచ్చింది. ఆ ఇళ్ళల్లో తల్లి ఆస్తి కూతురికి వెళ్ళేది. మరో పక్క, బాలికలను వ్యభిచారం కోసం చేర్చుకోవడం శిక్షాస్మృతి కింద నేరం కావడంతో ఆ దత్తతలన్నీ అనుమానం నీడలోనే నడిచాయి. దేవాలయాలకు అంకితమివ్వడాన్ని 1947 మద్రాసు చట్టం నిషేధించింది. అందులో జరిగిన దోపిడీని నేను తక్కువ చేయడం లేదు. కానీ భార్య కాని స్త్రీకే తల్లిగా చట్టపరమైన అస్తిత్వం దొరకడం మనల్ని ఆలోచింపజేయాలి.

1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టం చాలా మార్చింది. ఆడపిల్లనూ దత్తత తీసుకోవచ్చంది. బంధుత్వాల మీద పాత నిషేధాలు పోయాయి. దత్తహోమం తప్పనిసరి కాదంది. బిడ్డను నిజంగా చేతుల్లో పెట్టి ఇవ్వడం, పుచ్చుకోవడం జరిగితే చాలు. ఇద్దరూ సంతకం చేసిన దస్తావేజు రిజిస్టరైతే, కాదని రుజువయ్యేదాకా, చట్టప్రకారం దత్తత జరిగినట్టే కోర్టు భావిస్తుంది. భార్య సమ్మతి లేకుండా భర్త దత్తత తీసుకోకూడదంది. ఇంత చేసిన చట్టం ఒక్కచోట ఆగిపోయింది. తండ్రి బతికుంటే ఇచ్చే హక్కు అతనిదే, తల్లిది సమ్మతి మాత్రమే. ఇక వివాహిత తనంతట తాను తీసుకోవాలంటే భర్త చనిపోవాలి, లేదా విడాకులు కావాలి. అవీ కాకపోతే అతను సన్యసించాలి, మతం మారాలి, లేదా మతిస్థిమితం లేనివాడని కోర్టు తేల్చాలి. మా దస్తావేజులోని రెండు వేలిముద్రలు ఈ చట్టం వేయించినవే.

దీని పర్యవసానం ఎంత క్రూరంగా ఉంటుందో 2008లో సుప్రీంకోర్టు తీర్పుతో తెలిసింది. మధ్యప్రదేశ్‌లో మిశ్రీబాయి అనే వికలాంగురాలికి 1948లో పెళ్ళయింది. భర్త ఆమెతో కాపురమే చేయలేదు. ఆమె పుట్టింటివారి దగ్గరే బతికి, 1970లో ఒక పిల్లవాణ్ణి దత్తత తీసుకుంది. విడాకులు పొందినదానిలా బతకడం వేరు, విడాకులు పొందడం వేరు అంటూ కోర్టు ఆ దత్తత చెల్లదంది. ఎన్నడూ పక్కన లేని భర్త చట్టంలో మాత్రం ఉన్నాడు.

2010 ఆగస్టు 31 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో తల్లికీ తండ్రితో సమానంగా ఇచ్చే హక్కు వచ్చింది. వివాహిత కూడా భర్త సమ్మతితో తన పేరునే తీసుకోవచ్చు. అంటే అక్కచెల్లెళ్ళ మధ్య జరిగేది అక్కచెల్లెళ్ళ పేరునే రాయడానికి చట్టం వచ్చాక 54 ఏళ్ళు పట్టింది.

అందరికీ ఇది వర్తించదు కూడా. జంగారెడ్డిగూడెం దాటి బుట్టాయగూడెం వైపు వెళితే కోయల ఊళ్ళు వస్తాయి. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు 1956 చట్టం వర్తించదు, వాళ్ళ ఆచారమే ప్రమాణం. ముస్లిం, క్రైస్తవ స్త్రీలు 1890 చట్టం కింద సంరక్షకులు కాగలిగేవారే గాని తల్లులు కాలేకపోయేవారు. మతంతో నిమిత్తం లేకుండా బాలల న్యాయ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని 2014లో షబ్నం హష్మీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2015 నాటి కొత్త చట్టం బంధువుల దత్తతను ప్రత్యేకంగా చేర్చింది. కన్నవాళ్ళ రాతపూర్వక అంగీకారం, అయిదేళ్ళు దాటితే బిడ్డ అంగీకారం కూడా కావాలి. 2022 సెప్టెంబరు నుంచి ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా కలెక్టరు. అయితే ఆ చట్టం లెక్కలో బంధువులంటే తాతలూ అమ్మమ్మలూ నాయనమ్మలూ, తల్లి తండ్రుల అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ మాత్రమే. అమ్మ పోతే తమ్ముణ్ణి సాకిన అక్క ఆ జాబితాలో లేదు.

సంతకం చేసే హక్కు వచ్చింది కదా, ఇక సమస్య తీరిందా? అమ్మమ్మని ఒకసారి అడిగాను, "నువ్వే ఇచ్చావా?" అని. చాలాసేపు మాట్లాడలేదు. "చెల్లెల్ని ఊరంతా గొడ్రాలంటుంటే కాదనగలనా?" అంది. ఆ మాటలో చెల్లెలి మీద ప్రేమ ఉంది. కాదనే దారి లేని నిస్సహాయతా ఉంది. ఒక స్త్రీ మీద వేసిన నిందకి మరో స్త్రీ తన బిడ్డతో జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. దీన్ని అక్కచెల్లెళ్ళ అనుబంధమని మురిసిపోయి ఊరుకోలేను.

ఇచ్చే హక్కులో ఇవ్వనని అనే హక్కూ ఉండాలి. చట్టం ఇప్పుడు దానికి ఒక గడి పెట్టింది. ఆ గడిలో అమ్మమ్మ ఏం రాసి ఉండేదో నాకు తెలియదు. "పెద్దమ్మా" అని కొడుకు పిలిచిన ప్రతిసారీ ఆమె "ఊఁ" అని పలికేది. అది సమ్మతేనా అని ఇన్నేళ్ళలో మేమెవ్వరం అడగలేదు.