అరికాళ్ల మంట వెనుక కథ

బ్రహ్మంగారిమఠం నుంచి జమ్మలమడుగు దాకా ఎవరైనా అరికాళ్లు మండుతున్నాయంటే, తిమ్మిర్లంటే, షుగరో వయసో కారణమనుకోవడం పరిపాటి. హెచ్‌ఐవీతో బతుకుతున్నవారి మంటకు మాత్రం వేరే చరిత్ర ఉంది. దాన్ని తెలుసుకోవడానికి శాస్త్రానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ చరిత్రలో తెలుగువారి పాత్ర ఉంది. గుంటూరులో పుట్టిన ఎ.వి. రామారావు హైదరాబాద్‌లోని ఐఐసీటీ పరిశోధన సంస్థలో హెచ్‌ఐవీ మందు జిడోవుడిన్ తయారీకి చవకైన పద్ధతి రూపొందించారు. 1990ల తొలినాళ్లలో సిప్లా కంపెనీ ఆ మందును మార్కెట్‌లోకి తెచ్చింది. అదే మందు దీర్ఘకాలం వాడితే కండరాల్లో కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతింటుందని అమెరికాలో పరిశోధకుడు డలకాస్ బృందం 1990లోనే చూపింది.

2004 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం హెచ్‌ఐవీకి ఉచిత మందుల చికిత్స (ఏఆర్‌టీ) మొదలుపెట్టినప్పుడు, హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పటి మందుల్లో స్టావుడిన్ ముఖ్యమైనది. అది చావు అంచున ఉన్నవారిని లేపి కూర్చోబెట్టింది, ఇందులో సందేహం లేదు. కానీ మైటోకాండ్రియా తన డీఎన్‌ఏను నకలు చేసుకోవడానికి వాడే పాలిమరేజ్ గామా ఎంజైమును అది అడ్డుకుంటుంది. అలా కణాలకు శక్తి తగ్గితే మొదట నష్టపోయేది పొడవైన నరాలే. నడుము నుంచి కాలివేళ్ల దాకా సాగే నరాలు అలాంటివి కాబట్టే మంట అరికాళ్లలో మొదలవుతుంది.

తప్పంతా మందుదే కాదు. వైరస్ నరకణంలోకి చొరబడకుండానే దాన్ని గాయపరచగలదు. వైరస్ పైపొరలోని జీపీ120 ప్రొటీను నరాన్ని చుట్టుకుని ఉండే ష్వాన్ కణాల మీది సీఎక్స్‌సీఆర్4 గ్రాహకానికి అతుక్కుంటే, ఆ కణాలు వెలువరించే సంకేతాలతో పక్కనున్న నరకణం టీఎన్‌ఎఫ్ ఆల్ఫా అనే ప్రొటీనును తయారుచేసి తన తంతువునే పాడుచేసుకుంటుందని జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 2003లో వివరించారు. 2014లో టెక్సాస్ పరిశోధకులు మరణించిన రోగుల వెన్నుపామును పరీక్షించి, నొప్పితో బాధపడినవారిలో జీపీ120 ఎక్కువగా ఉందని కనుగొన్నారు. నొప్పి ఊహ కాదనడానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం అక్కర్లేదు.

2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్టావుడిన్‌ను దశలవారీగా ఆపమంది. మందు మారినా, దెబ్బతిన్న నరం అందరిలో పూర్తిగా కోలుకోదు. ఆ రోజుల్లో స్టావుడిన్ వాడి, నేటికీ కాళ్ల మంటతో నిద్రపట్టనివారు ఆ సంగతి ఏఆర్‌టీ కేంద్రంలో డాక్టరుకు తప్పక చెప్పాలి. మాత్రలు మాత్రం తమంతట తాము మానకూడదు.