బంతి గీత దాటింది.. విజిల్ మోగలేదు! రిఫరీ తప్పు చేస్తే మ్యాచ్ మళ్లీ ఆడిస్తారా? రూల్ ఏం చెప్తుంది?

2024 జూన్ 11 రాత్రి దోహా. వరల్డ్ కప్ క్వాలిఫయర్స్‌లో ఇండియా, ఖతార్ మ్యాచ్. బంతి గీత దాటి బయటికి పోయింది. ఇక కార్నర్ కిక్కే అనుకుని మన ప్లేయర్లు ఆగిపోయారు. ఖతార్ ప్లేయర్ ఒకడు బయటికి పోయిన ఆ బంతిని కాలితో వెనక్కి లాగాడు, ఇంకొకడు నెట్‌లోకి కొట్టాడు. రిఫరీ గోల్ ఇచ్చేశాడు.

అప్పటిదాకా లీడ్‌లో ఉన్న ఇండియా చివరికి 1-2తో ఓడిపోయింది. ఆ వీడియో ఫోన్‌లో ఎప్పుడు చూసినా ఒకటే డౌట్ వస్తుంది. బంతి బయటికి పోయినట్టు ఇంత క్లియర్‌గా కనిపిస్తుంటే ఆ గోల్ ఎందుకు రద్దు చేయలేదు? మ్యాచ్ మళ్లీ ఎందుకు ఆడించలేదు? ఇంతకుముందు అలా మళ్లీ ఆడించిన మ్యాచ్‌లు ఉన్నాయి కదా?

ఉన్నాయి. కానీ ఏ తప్పుకు మళ్లీ ఆడిస్తారు, ఏ తప్పుకు ఆడించరు అనే దగ్గరే అసలు మెలిక ఉంది.

దోహాలో అసలేం జరిగింది?

ఆ రోజు లెక్క ఇదీ. గ్రూప్‌లో ఖతార్ 13 పాయింట్లతో అప్పటికే తర్వాతి రౌండ్‌కు వెళ్లిపోయింది. ఇండియా, అఫ్గానిస్తాన్ చెరో 5, కువైట్ 4. మిగిలింది ఒక్క బెర్త్. ఖతార్‌పై గెలిస్తే ఇండియా చరిత్రలో మొదటిసారి క్వాలిఫయర్స్ మూడో రౌండ్‌కు వెళ్లేది. అంతకు 5 రోజుల ముందే కోల్‌కతాలో కువైట్‌తో 0-0 డ్రా ఆడి సునీల్ ఛెత్రీ ఇంటర్నేషనల్ ఫుట్‌బాల్‌కు గుడ్‌బై చెప్పాడు. గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు కెప్టెన్‌గా టీమ్ దోహా వెళ్లింది.

37వ నిమిషంలో లాలియన్‌జువాలా ఛాంగ్టే గోల్ కొట్టాడు. 1-0. సెకండ్ హాఫ్‌లోనూ మనవాళ్లు గట్టిగానే కాచుకున్నారు. 73వ నిమిషంలో ఖతార్‌కు ఫ్రీ కిక్ వచ్చింది. యూసుఫ్ ఐమన్ హెడర్‌ను గుర్‌ప్రీత్ ఆపాడు. బంతి అతని నుంచి జారి, గోల్ పోస్టు పక్కగా ఎండ్ లైన్ దాటింది. రీప్లేలో గీతకూ బంతికీ మధ్య గడ్డి కనిపిస్తుంది. అక్కడి నుంచే దాన్ని లోపలికి లాగారు, ఐమనే గోల్ కొట్టాడు. సౌత్ కొరియా రిఫరీ కిమ్ వూ సంగ్ గోల్ అన్నాడు, అసిస్టెంట్ జెండా లేవలేదు. మన ప్లేయర్లు చుట్టుముట్టి ఎంత మొత్తుకున్నా ఫలితం లేదు.

85వ నిమిషంలో అహ్మద్ అల్ రావీ రెండో గోల్ కొట్టాడు. దాంట్లో వివాదమేం లేదు. అటు కువైట్ 1-0తో అఫ్గానిస్తాన్‌ను ఓడించి, 7 పాయింట్లతో మనల్ని దాటి వెళ్లిపోయింది. ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ విచారణ జరపాలని ఫిఫాను, ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్యను కోరింది. రిజల్ట్ మారలేదు. వారం తిరగకుండానే కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ను తీసేశారు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. మ్యాచ్ 1-1తో ముగిసినా కువైట్ గెలిచింది కాబట్టి మనం అవుటే. ఆ రాత్రి మనకు కావాల్సింది గెలుపు. ఆ తప్పుడు గోల్ లాక్కుంది ఆ గెలుపునే.

అదే ఖతార్‌లో 1.88 మిల్లీమీటర్ల కథ

ఫుట్‌బాల్ రూల్ ప్రకారం బంతి మొత్తానికి మొత్తం గీత దాటితేనే బయటికి పోయినట్టు. నేల మీదైనా, గాల్లోనైనా అంతే. బంతి అంచులో ఒక పిసరు గీత పైన ఉన్నా ఆట నడుస్తున్నట్టే లెక్క.

దీనికి బెస్ట్ ఎగ్జాంపుల్ దోహా మ్యాచ్‌కు దాదాపు 18 నెలల ముందు, అదే ఖతార్ దేశంలో జరిగింది. 2022 డిసెంబర్ 1, వరల్డ్ కప్‌లో జపాన్, స్పెయిన్ మ్యాచ్. జపాన్ ప్లేయర్ మిటోమా ఎండ్ లైన్ దగ్గర బంతిని వెనక్కి తన్నాడు, తనాకా గోల్ కొట్టాడు. టీవీలో చూస్తే బంతి బయటికి పోయినట్టే ఉంది. కానీ వీడియో అసిస్టెంట్ రిఫరీ, అదే వీఏఆర్, చెక్ చేసి గోల్ ఖాయం చేసింది. పైనుంచి తీసిన యాంగిల్‌లో బంతి అంచు గీత మీద 1.88 మిల్లీమీటర్లు ఉన్నట్టు లెక్క తేలింది. జపాన్ 2-1తో గెలిచింది. కోస్టారికాను 4-2తో కొట్టిన జర్మనీ ఇంటికి పోయింది.

అంటే ఒక మ్యాచ్‌లో రెండు మిల్లీమీటర్లు కూడా లేని తేడాను పట్టుకున్నారు. ఇంకో మ్యాచ్‌లో కంటికి కనిపించే తేడా కూడా లెక్కలోకి రాలేదు. కారణం సింపుల్. దోహాలో ఆ రోజు వీఏఆర్ లేదు. ఆసియా క్వాలిఫయర్స్ రెండో రౌండ్‌లో ఆ టెక్నాలజీ పెట్టలేదు. 2024 సెప్టెంబర్‌లో మొదలైన మూడో రౌండ్‌లో పెట్టారు. పెద్ద టీమ్‌లు ఆడే పెద్ద స్టేజీలో కెమెరాలుంటాయి, అక్కడికి చేరాలని చిన్న టీమ్‌లు కొట్లాడే స్టేజీలో ఉండవు. తప్పు ఎక్కడ ఎక్కువ నష్టం చేస్తుందో అక్కడే రక్షణ తక్కువన్నమాట.

సరే, గోల్ తప్పని తెలిశాక మార్చొచ్చు కదా?

మార్చలేరు. ఫుట్‌బాల్ రూల్స్‌లో అయిదోది రిఫరీ గురించి. ఆటలో జరిగిన విషయాలపై, గోల్ అయిందా లేదా అన్నదానితో సహా, రిఫరీ నిర్ణయమే ఫైనల్ అని అందులో ఉంది. రిఫరీకే తన తప్పు తెలిసొచ్చినా, ఆట మళ్లీ మొదలయ్యాక ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకునే వీల్లేదు. దోహాలో గోల్ తర్వాత సెంటర్ నుంచి కిక్ పడగానే ఆ తలుపు మూసుకుపోయింది.

మరి మళ్లీ ఆడించిన మ్యాచ్‌ల సంగతేంటి? రెండు కేసులు చూస్తే తేడా తెలుస్తుంది.

మొదటిది 2005 సెప్టెంబర్ 3న తాష్కెంట్‌లో. ఉజ్బెకిస్తాన్, బహ్రెయిన్ వరల్డ్ కప్ ప్లేఆఫ్. ఉజ్బెక్‌లు 1-0 లీడ్‌లో ఉండగా వాళ్లకు పెనాల్టీ వచ్చింది, గోల్ కూడా కొట్టారు. కానీ కిక్ కొట్టకముందే వాళ్ల టీమ్ ప్లేయర్ ఇంకొకడు బాక్స్‌లోకి దూరాడు. అలాంటప్పుడు పెనాల్టీ మళ్లీ కొట్టించాలి, అప్పటి రూల్ అదే. జపాన్ రిఫరీ తోషిమిట్సు యోషిదా మాత్రం గోల్ రద్దు చేసి బహ్రెయిన్‌కు ఫ్రీ కిక్ ఇచ్చాడు. ఇది చూడ్డంలో వచ్చిన తప్పు కాదు, రూల్ తెలియక చేసిన తప్పు. అందుకే మ్యాచ్ మళ్లీ ఆడాలని ఫిఫా ఆర్డర్ వేసింది.

ట్విస్ట్ ఏంటంటే, మ్యాచ్ 1-0తో గెలిచి కూడా కంప్లయింట్ ఇచ్చింది ఉజ్బెక్‌లే. తమకు 3-0 విజయం ఇవ్వమని అడిగారు. రీమ్యాచ్ 1-1 అయింది, మనామాలో రెండో మ్యాచ్ 0-0. బయటి గ్రౌండ్‌లో కొట్టిన గోల్ లెక్కన బహ్రెయిన్ ముందుకెళ్లింది. ఉన్నది కూడా పోగొట్టుకోవడం అంటే ఇదే.

రెండోది 2016 నవంబర్ 12, సౌతాఫ్రికా, సెనెగల్ మ్యాచ్. బంతి సెనెగల్ డిఫెండర్ కూలిబాలీ మోకాలికి తగిలితే ఘనా రిఫరీ జోసెఫ్ లాంప్టీ హ్యాండ్‌బాల్ అని పెనాల్టీ ఇచ్చాడు. సౌతాఫ్రికా 2-1తో గెలిచింది. మ్యాచ్ రిజల్ట్‌ను అక్రమంగా ప్రభావితం చేశాడని ఫిఫా అతనిపై జీవితకాల నిషేధం వేసింది, మ్యాచ్ మళ్లీ ఆడించింది. 2017 నవంబర్‌లో సెనెగల్ 2-0తో గెలిచి 2018 వరల్డ్ కప్‌కు వెళ్లింది.

కాబట్టి రూల్‌ను తప్పుగా అమలు చేసినా, మోసం చేసినట్టు తేలినా మళ్లీ ఆడించే అవకాశం ఉంటుంది. కళ్లు మోసపోతే ఉండదు. దోహాలో రిఫరీకి రూల్ తెలుసు, బంతి దాటిందన్నది చూడలేకపోయాడు. మోసం జరిగిందని ఎవరూ నిరూపించలేదు. అందుకే ఫైల్ అక్కడే ఆగిపోయింది.

పాత లిస్టులో అందరికీ తెలిసిన పేర్లు

1986 జూన్ 22, మెక్సికోలో మారడోనా చేత్తో కొట్టిన గోల్ గురించి చెప్పక్కర్లేదు. ఇంగ్లండ్‌పై అర్జెంటీనా 2-1తో గెలిచింది. గోల్ ఇచ్చిన ట్యునీషియా రిఫరీ అలీ బిన్ నాసర్ ఆ మ్యాచ్ బంతిని దాచుకుని, 2022లో వేలం వేస్తే 20 లక్షల పౌండ్లు పలికింది. తప్పు చేసినాయనకు కూడా కలిసొచ్చింది, ఏం చేస్తాం!

ఇదే ఇంగ్లండ్ 1966 ఫైనల్‌లో వెస్ట్ జర్మనీపై హర్స్ట్ కొట్టిన గోల్‌తో లాభపడింది. క్రాస్‌బార్‌కు తగిలి కింద పడిన ఆ బంతి గీత దాటిందా లేదా అని ఇప్పటికీ కొట్టుకుంటారు. 2010లో సీన్ రివర్స్. జర్మనీపై లాంపార్డ్ కొట్టిన షాట్ గీత దాటి స్పష్టంగా లోపల పడింది, రిఫరీ లారియోండా గోల్ ఇవ్వలేదు. ఆ దెబ్బకే 2012లో గోల్ లైన్ టెక్నాలజీకి ఒప్పుకున్నారు, 2014 వరల్డ్ కప్‌లో వాడారు. వీఏఆర్ 2018 వరల్డ్ కప్‌తో వచ్చింది.

మన కేసుకు దగ్గరగా ఉండేది మాత్రం ఐర్లండ్‌ది. 2009 నవంబర్ 18న పారిస్‌లో ఫ్రాన్స్ ప్లేయర్ తియెరీ ఆన్రీ చేత్తో బంతిని ఆపి పాస్ ఇచ్చాడు, గలాస్ గోల్ కొట్టాడు, ఐర్లండ్ వరల్డ్ కప్ ఆశ పోయింది. మళ్లీ ఆడించమని అడిగితే ఫిఫా కుదరదంది. కోర్టు కేసు వేయకుండా ఐర్లండ్ ఫెడరేషన్‌కు 50 లక్షల యూరోలు ముట్టాయన్న సంగతి 2015లో బయటపడింది. అది స్టేడియం కోసం ఇచ్చిన లోన్ అని ఫిఫా చెప్పుకుంది.

బెంగళూరులో వాకౌట్ చేస్తే ఏమైంది?

రిఫరీ మీద కోపంతో గ్రౌండ్ వదిలి వెళ్లిపోతే? పక్కనే బెంగళూరులో అదీ జరిగింది. 2023 మార్చి 3, ఇండియన్ సూపర్ లీగ్ నాకౌట్. ఎక్స్‌ట్రా టైమ్‌లో బెంగళూరుకు ఫ్రీ కిక్ వచ్చింది. కేరళ బ్లాస్టర్స్ గోల్‌కీపర్, డిఫెండర్లు ఇంకా సర్దుకుంటుండగానే ఛెత్రీ కిక్ కొట్టేశాడు. రిఫరీ క్రిస్టల్ జాన్ గోల్ ఇచ్చాడు. కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ టీమ్ మొత్తాన్ని బయటికి తీసుకెళ్లిపోయాడు.

కేరళ మ్యాచ్ మళ్లీ ఆడించమంది, ఒప్పుకోలేదు. క్లబ్‌కు 4 కోట్ల రూపాయల ఫైన్, కోచ్‌కు 10 మ్యాచ్‌ల బ్యాన్ పడ్డాయి. ఫ్రీ కిక్ తొందరగా కొట్టడం రూల్‌లో ఉన్నదే. రిఫరీ అప్పటికే విజిల్ వచ్చేదాకా ఆగమన్నాడా లేదా అన్నదే గొడవంతా. అది మళ్లీ ‘జరిగిన విషయం’ ఖాతాలోకే పోతుంది, కాబట్టి అక్కడా రిఫరీ మాటే ఫైనల్.

హైదరాబాద్ నుంచి వెళ్లిన విజిల్

రిఫరీని తిట్టడం ఈజీ. మా మడికొండ గ్రౌండ్‌లో సాయంత్రం ఆడే ఆటకైనా విజిల్ ఇస్తామంటే ఎవరూ ముందుకు రారు, ఇచ్చినవాడికి మాటలు తప్పవు. అలాంటి పనిని ఆడే రోజులు అయిపోయాక ఎంచుకున్న పెద్దమనిషి ఒకాయన మన హైదరాబాద్‌లో ఉండేవారు. సయ్యద్ షాహిద్ హకీం. అజయ్ దేవగన్ ‘మైదాన్’ సినిమా చూసినవాళ్లకు వాళ్ల నాన్న తెలుసు. ఇండియాకు 1962 ఏషియన్ గేమ్స్ గోల్డ్ తెచ్చిన కోచ్ రహీం సాబ్. హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ టీమ్‌లో సభ్యుడు, ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేశారు, తర్వాత ఫిఫా బ్యాడ్జ్ రిఫరీ అయ్యారు. ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చింది. 2021 ఆగస్టులో కన్నుమూశారు. ఆయన విజిల్ పట్టిన రోజుల్లో వీఏఆర్ లేదు, చెవిలో మాట్లాడే అసిస్టెంట్ లేడు. ఒక్క చూపు, ఒక్క క్షణం.

ఇదే హైదరాబాద్‌లో 2024 నవంబర్ 18న గచ్చిబౌలి స్టేడియంలో ఇండియా, మలేషియా ఆడాయి. 19వ నిమిషంలో గుర్‌ప్రీత్ బంతి కోసం బాక్స్ వదిలి ముందుకొచ్చి మిస్సయ్యాడు, ఖాళీ గోల్‌లోకి పాలో జోసుయే కొట్టేశాడు. రాహుల్ భేకే గోల్‌తో మ్యాచ్ 1-1 అయింది. గోల్‌కీపర్ చేతులారా చేసిన తప్పుకు మ్యాచ్ మళ్లీ ఆడించమని ఎవరైనా అడిగారా? లేదు. చూపులో వచ్చే రిఫరీ తప్పును కూడా రూల్ బుక్ ఇలాగే ఆటలో భాగంగా లెక్కేస్తుంది. దోహాలో రిఫరీ తప్పుకు బలైంది కూడా ఇదే గుర్‌ప్రీత్.

తేడా ఏంటంటే గోల్‌కీపర్ తప్పు వాళ్ల టీమ్‌కే తగులుతుంది, రిఫరీ తప్పు ఎవరికి తగులుతుందో చెప్పలేం. అందుకే కెమెరాలు కొన్ని స్టేజీల్లో ఉండి కొన్నింట్లో లేకపోవడం మీద అడగాల్సింది చాలా ఉంది.

దోహా ఓటమి తర్వాత ఏమైంది?

ఆ గ్రూప్‌లో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన టీమ్‌లకు 2027 ఆసియా కప్‌లో నేరుగా చోటు దొరికింది. మూడో స్థానంలో ఆగిన ఇండియా మళ్లీ క్వాలిఫయర్స్ ఆడాల్సి వచ్చింది. 2025 మార్చిలో బంగ్లాదేశ్‌తో 0-0. జూన్‌లో హాంకాంగ్ చేతిలో 0-1, అదీ ఆఖరి నిమిషాల్లో ఇచ్చిన పెనాల్టీతో. అక్టోబర్ 14న గోవాలో సింగపూర్ చేతిలో 1-2. దాంతో లెక్క క్లోజ్. ఈ ఓటములను దోహా రిఫరీ ఖాతాలో వేయలేం. 2027 జనవరిలో సౌదీ అరేబియాలో మొదలయ్యే ఆసియా కప్‌లో ఖతార్, కువైట్ ఆడతాయి. ఇండియా ఉండదు.